పాత సామానుకు పెరిగిన గిరాకీ, బాగుచేసే చేతులకు కరవు

జీవితకాలపు పొదుపునకు బ్యాంకు రుణాన్ని జోడించి సొంత ఇల్లు సమకూర్చుకున్న మధ్యతరగతి కుటుంబానికి చివరికి చేతిలో మిగిలేది స్వల్పం. గృహప్రవేశం ముగిసిన మరునాటి నుంచి కుర్చీలు, బీరువా, భోజనాల బల్ల, పుస్తకాల అర అన్నవి ఒక్కొక్కటిగా గుర్తుకు వస్తాయి. కొత్తవాటి ధరలు విన్న తర్వాత ఆ కుటుంబం పాత బజారు వైపు అడుగులు వేయడం మన దేశంలో కొత్త విషయం కాదు. కొత్తదనమల్లా ఆ కొనుగోలును గురించి చెప్పుకునే తీరులోనే ఉంది. ఒకప్పుడు వాడిన వస్తువు కొన్నామని పొరుగువారికి తెలియనివ్వని కుటుంబాలే నేడు అతిథులను పిలిచి మరీ పాత పందిరి మంచాన్ని, ఇత్తడి గంగాళాన్ని, తాతలనాటి భోషాణాన్ని చూపిస్తున్నాయి. అవసరానికి తోడు అభిరుచి కూడా ఈ బజారులో కాలుపెట్టింది.

దాంతో పాత సామాను వర్తకం స్వరూపమే మారిపోయింది. గుజరాత్ తీరంలోని నౌకల రేవు మొదలు చెట్టినాడు మేడల వరకు, కోల్‌కతా వేలంశాల మొదలు హైదరాబాద్ గురువారం సంత వరకు దీని శాఖలు విస్తరించాయి. అయితే వస్తువును బజారుకు చేర్చేవాడు వర్తకుడు కాగా, దానిని మళ్లీ ఇంట్లో వాడుకునేందుకు వీలుగా తీర్చిదిద్దేవాడు వేరు. అతడు పేము అల్లేవాడు, పాలిషు పట్టేవాడు, కళాయి పూసేవాడు, బొంత కుట్టే స్త్రీ. వస్తువుల ధరలు ఏటేటా పెరుగుతున్నా ఈ పనివారి సంఖ్య తగ్గిపోతుండడమే ఇక్కడ ఆలోచించవలసిన అంశం.

ఓడల నుంచి ఇళ్లకు

గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలో, ఖంభాత్ సింధుశాఖ ఒడ్డున ఉన్న అలంగ్‌లో 1983లో నౌకలను విడగొట్టే పరిశ్రమ ప్రారంభమైంది. ఇక్కడ సముద్రపు పోటు, పాటుల మధ్య తేడా చాలా ఎక్కువ. పోటు సమయంలో నౌకను వేగంగా ఒడ్డు మీదికి నడిపించి, నీరు వెనక్కు తగ్గిన తర్వాత దానిని విడగొడతారు. నౌక అంటే ఇనుము మాత్రమే కాదు. అందులో నావికుల మంచాలు, పరుపులు, బీరువాలు, వంటపాత్రలు, పింగాణీ కంచాలు, అద్దాలు, దీపాలు, గడియారాలు ఉంటాయి. త్రాపజ్ నుంచి అలంగ్ వెళ్లే రోడ్డుకు ఇరువైపులా ఈ సామాను అమ్మే దుకాణాలు బారులు తీరి కనిపిస్తాయి. ఒక దుకాణంలో కుర్చీలే, మరొక దుకాణంలో పింగాణీయే. సౌరాష్ట్రలోని కుటుంబాలతో పాటు దూరప్రాంతాల హోటళ్ల యజమానులు సైతం లారీలతో వచ్చి ఇక్కడ కొనుగోళ్లు జరుపుతారు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ కారణంగా విహారయాత్రలు నిలిచిపోయినప్పుడు పలు విహారనౌకలు అలంగ్‌కు చేరాయి. సరకుల ఓడలో కొద్దిమంది నావికుల సామానే ఉంటుంది. విహారనౌకలో వందల గదుల సామాను ఉంటుంది.

బంగ్లాదేశ్‌లోనూ ఇదే దృశ్యం కనిపిస్తుంది. 1960లో వచ్చిన తుపానుకు చిట్టగాంగ్ సమీపంలోని సీతాకుండ తీరానికి కొట్టుకువచ్చిన ఓ గ్రీకు నౌకను కొన్నేళ్ల తర్వాత అక్కడే విడగొట్టారు. ఆ దేశంలో ఈ పరిశ్రమకు అదే నాంది అంటారు. చిట్టగాంగ్ వెలుపల భాటియారీ వద్ద రహదారి పొడవునా ఉన్న దుకాణాలలో ఓడల బల్లలు, మంచాలు, వంటసామాను దొరుకుతాయి. ఢాకాలోని ఎన్నో మధ్యతరగతి ఇళ్లకు అక్కడి సామానే చేరుతున్నది. పాకిస్తాన్‌లో కరాచీకి వాయవ్యంగా, బలూచిస్తాన్ తీరంలో ఉన్న గడానీ 1980 దశకంలో ఈ రంగంలో ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉండేది.

ఈ చవకదనం వెనుక కార్మికుల ప్రాణాలు పణంగా ఉన్నాయన్న సంగతి విస్మరించరానిది. 2016 నవంబరు 1న గడానీలో ఓ చమురు నౌకలో సంభవించిన పేలుడులో ఇరవైమందికి పైగా కార్మికులు మరణించారు. భారతదేశం 2019లో నౌకల రీసైక్లింగ్ చట్టాన్ని చేసి, అదే ఏడాది హాంకాంగ్ అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. 2023లో బంగ్లాదేశ్ కూడా చేరడంతో మార్గం సుగమమై, 2025 జూన్ 26 నుంచి ఆ ఒప్పందం అమలులోకి వచ్చింది. నౌకలోని ప్రమాదకర పదార్థాల జాబితాను ముందుగానే తయారుచేయాలని ఈ ఒప్పందం నిర్దేశిస్తున్నది.

నగరాల సంతలు

ముంబయిలో భేండీ బజారు సమీపాన మటన్ స్ట్రీట్‌లో ఉన్న చోర్ బజారు పేరు వినని వారుండరు. అక్కడి సందడిని బట్టి తొలుత దీనికి ‘శోర్ బజారు’ అన్న పేరుండేదని, అదే నోళ్లలో నలిగి చోర్ బజారుగా మారిందని చెబుతారు. గ్రామఫోను పెట్టెలు, గాజు దీపాలు, సినిమా పోస్టర్లు, చెక్కిన బల్లలు ఇక్కడి ప్రత్యేకతలు. అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డున ఆదివారం జరిగే గుజరీ బజారు పదిహేనో శతాబ్దంలో సుల్తాన్ అహ్మద్ షా కాలం నుంచి సాగుతున్నదని ప్రతీతి. ఢిల్లీలో దేశవిభజన తర్వాత శరణార్థులు స్థిరపడిన ప్రాంతాలలో ఒకటైన అమర్ కాలనీలో పాత కలప సామానును బాగుచేసి అమ్మే దుకాణాల వరుసలున్నాయి. కోల్‌కతా రసెల్ స్ట్రీట్‌లో 1940లో స్థాపించిన వేలంశాల ఎన్నో జమీందారీ భవనాల, ఆంగ్లేయ అధికారుల బంగళాల సామానుకు చేతులు మార్చింది. హైదరాబాద్‌లో గురువారం నాడు జుమేరాత్ బజారు, ఆదివారం నాడు ఎర్రగడ్డ సంత సామాన్య కుటుంబాలకు చిరపరిచితాలు.

వీటన్నిటికీ సరకు చేరవేసేవారు నిరుపేదలే. ఢిల్లీ రఘుబీర్ నగర్‌లో తెల్లవారకముందే మొదలయ్యే పాత బట్టల సంత ఇందుకు చక్కని ఉదాహరణ. గుజరాత్ మూలాలున్న వాఘ్రీ స్త్రీలు ఇంటింటికీ తిరిగి స్టీలు సామాను ఇచ్చి పాత బట్టలు తీసుకుని, వాటిని ఈ సంతలో అమ్ముతారు. తెలుగు పల్లెల్లోనూ పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే గంపవారు తెలియని ఇల్లాలు ఉండదు. మన ఇంట్లో పనికిరాదనుకున్న వస్తువు మరో ఇంటి అలంకారంగా మారే ప్రయాణంలో ఇది తొలి మజిలీ.

కూలిన మేడలు, అమ్ముడైన స్తంభాలు

పాత సామాను మీద మోజు అన్ని సందర్భాలలోనూ మేలు చేస్తుందని చెప్పలేము. తమిళనాడులోని చెట్టినాడు ఇందుకు సాక్ష్యం. బర్మా, సిలోను, మలయా దేశాలలో వడ్డీ వ్యాపారం సాగించిన నాట్టుకోట్టై చెట్టియార్లు పందొమ్మిదో శతాబ్దపు మధ్యకాలం నుంచి 1940ల వరకు రాజప్రాసాదాలను తలపించే ఇళ్లు కట్టుకున్నారు. వాటికి బర్మా టేకు స్తంభాలు, ఇటలీ చలువరాయి, ఐరోపా అద్దాలు, దీపాలు తెప్పించారు. 1942లో బర్మాను జపాను ఆక్రమించడంతో వారి వ్యాపారానికి గొడ్డలిపెట్టు తగిలింది. వారసులు చెన్నైకి, విదేశాలకు చెదిరిపోయారు. ఒక్కొక్క మేడకు పదులకొద్దీ హక్కుదారులు తేలారు. మరమ్మతు ఖర్చు భరించేవారు లేక పలు మేడలను విప్పి విడిభాగాలుగా అమ్మివేశారు. కారైకుడిలోని మునీశ్వరన్ కోయిల్ వీధి దుకాణాలలో నేటికీ ఆ ద్వారబంధాలు, స్తంభాలు, ఎనామెల్ గిన్నెలు అమ్మకానికి కనిపిస్తాయి. చెట్టినాడు గ్రామాలు 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. కానీ జాబితాలో పేరు చేరినంత మాత్రాన మేడ కప్పు నుంచి కారే నీరు ఆగదు.

మన కోనసీమలోనూ, కృష్ణా డెల్టాలోనూ మండువా లోగిళ్ల పరిస్థితి ఇందుకు భిన్నం కాదు. వారసులు నగరాలకు, అమెరికాకు తరలివెళ్లగా తాళం పడిన లోగిలి వానలకు తడిసి కుంగుతున్నది. ఇల్లు విప్పితే వచ్చే టేకు దూలాలకు, చెక్కిన తలుపులకు మంచి ధర పలుకుతున్నది. శిథిలమైన ఇంటి కలప పొయ్యిలోకి పోకుండా మరో ఇంటికి చేరడం హర్షణీయమే. కానీ గిరాకీ చూసుకుని నిలిచి ఉన్న ఇంటినే విప్పించే పరిస్థితి వస్తే అది వేరే సంగతి. ఈ రెండింటికీ గల తేడా కొనుగోలుదారు అడిగితే తప్ప బయటపడదు.

ఇదే చెట్టినాడులో మరొక మార్గమూ ఉంది. కారైకుడి సమీపంలోని ఆత్తంగుడి గ్రామంలో నేటికీ నేల పలకలను చేతితోనే చేస్తున్నారు. గాజు పలక మీద లోహపు అచ్చు ఉంచి, అందులో రంగు సిమెంటు పోసి, దానిపై ఇసుక, సిమెంటు కూర్చి, నీటిలో నానబెట్టి ఆరబెడతారు. బట్టీలో కాల్చే పనిలేదు. గాజు నునుపే పలకకు అబ్బుతుంది, కాళ్ల రాపిడికి ఆ నిగనిగ మరింత పెరుగుతుంది. పాత మేడ స్తంభాన్ని పెకలించి తెచ్చుకునే బదులు అదే ప్రాంతపు పనివాడి చేత కొత్త పలక చేయించుకోవడంలోనూ పాతదనపు అందం దక్కుతుంది, ఆ పనివాని ఇంట పొయ్యి కూడా వెలుగుతుంది.

చండీగఢ్ కుర్చీ నేర్పిన పాఠం

బాగుచేయక పారవేసిన వస్తువు ఎంతకు మారగలదో చండీగఢ్ ఉదంతం తెలియజేస్తుంది. 1950 దశకంలో ఆ నగర నిర్మాణం జరిగినప్పుడు వాస్తుశిల్పి ల కార్బూజియే బంధువు, సహచరుడు అయిన పియర్ జానరె సచివాలయానికి, హైకోర్టుకు, విశ్వవిద్యాలయానికి టేకు, పేము కుర్చీలను రూపొందించారు. వాటిని తయారుచేసింది స్థానిక వడ్రంగులే. దశాబ్దాలు గడిచే కొద్దీ అల్లిక తెగి, కాళ్లు కదిలిన కుర్చీలు కార్యాలయాల మిద్దెల మీద, వసారాలలో గుట్టలుగా పడ్డాయి. వాటిని తుక్కు కింద వేలం వేశారు. 1990ల చివరి నుంచి ఐరోపా వర్తకులు వాటిని కొని, బాగుచేసి, విదేశీ వేలంశాలలలో లక్షల రూపాయలకు అమ్మసాగారు. చివరికి 2011లో కేంద్ర హోంశాఖ ఈ వస్తువుల అమ్మకాన్ని, ఎగుమతిని నిషేధించింది. నగరంలో ఇటువంటివి 12,793 ఉన్నట్లు లెక్క తేలింది. నూరేళ్లు నిండని వస్తువులు గనుక పురావస్తువుల చట్టం వీటికి రక్షణ కల్పించలేకపోయింది.

తుక్కుకూ, లక్షలకూ మధ్య ఆ కుర్చీలకు జరిగిందల్లా మళ్లీ పేము అల్లడం, కీళ్లు బిగించడం, పాలిషు పట్టడం మాత్రమే. ఆ పని చేయగలవారు చండీగఢ్‌లోనే ఉన్నారు. వారిని పిలిచి పని అప్పగించినవారే లేకపోయారు.

కుర్చీ అల్లికను గురించి మరొక మాట చెప్పవలసి ఉంది. దృష్టిలోపం గలవారికి మన దేశంలో చిరకాలంగా నేర్పుతూ వచ్చిన వృత్తులలో ఇది ముఖ్యమైనది. వేళ్ల స్పర్శతోనే వరుసలు లెక్కపెట్టి అల్లగల పని గనుక ప్రభుత్వ కార్యాలయాల పేము కుర్చీలు వారికి జీవనాధారమయ్యాయి. ప్లాస్టిక్, స్పాంజి కుర్చీలు రావడంతో ఆ ఆధారం సన్నగిల్లింది. ఇళ్లలో పాత పేము కుర్చీల మీద మక్కువ పెరుగుతున్న ఈ రోజులలో ఆ చేతులకు తిరిగి పని కల్పించే అవకాశం ఉన్నది.

చీర నుంచి బొంతకు

చేతిపనులలో అత్యంత చవకైనదీ, అత్యంత ఓర్పు కోరేదీ బొంత. తెలుగు ఇళ్లలో అమ్మమ్మల పాత చీరలు పొరలు పొరలుగా పరచి కుట్టిన బొంతలోనే పసిపిల్లలు పెరిగారు. ఉత్తర కర్ణాటకలో దీనిని కౌది అని, మహారాష్ట్రలో గోధడి అని, బీహారులో సుజనీ అని, సింధులో రల్లీ అని వ్యవహరిస్తారు. బెంగాలులో ఇది కాంథా. చీర అంచుల నుంచి లాగిన రంగు దారాలతోనే పూలు, పక్షులు, రథాలు కుట్టడం అక్కడి సంప్రదాయం. బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లో ప్రచురించిన కథాకావ్యానికి ‘నక్షీ కాంథార్ మాఠ్’ అని పేరు పెట్టారంటే ఆ జనజీవితంలో దీని స్థానమెటువంటిదో గ్రహించవచ్చు. సరిహద్దుకు ఇరువైపులా ఇది పల్లె స్త్రీల ఆదాయ మార్గంగా మారింది. బంగ్లాదేశ్‌లో 1978లో ఆరంభమైన ఆరోంగ్ దుకాణాలు దీనిని నగరాలకు చేర్చగా, పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది.

నగరాలలో బల్లల మీద, గోడల మీద అలంకారంగా పరచుకుంటున్న ఈ బొంతకు దుకాణంలో పలికే ధర వేరు, కుట్టిన స్త్రీకి ముట్టే కూలి వేరు. ఇంటిపనుల నడుమ తీరిక వేళలలో కుడుతుంది గనుక ఆమె శ్రమను గంటల లెక్కన కట్టేవారు అరుదు. పాత చీరలు మనమే ఇచ్చి, ఊళ్లోని కుట్టుపనివారి చేత నేరుగా బొంత కుట్టించుకుంటే ఖర్చూ తగ్గుతుంది, కూలీ పూర్తిగా ఆమెకే చేరుతుంది.

కొనేముందు చూడవలసినవి

పాత కలప సామాను కొనేవారు మొదట కింది భాగాన్ని పరిశీలించాలి. చిన్న రంధ్రాలు, వాటి కింద పిండి వంటి పొడి ఉంటే పురుగు ఇంకా బతికి ఉన్నట్లే. మేకులతో కాక చెక్కలో చెక్క దిగేలా అతికిన కీళ్లున్న వస్తువును విప్పి తిరిగి బిగించవచ్చు. మంచాలు, పరుపులలో నల్లుల బెడద ఉంటుంది గనుక ఎండలో వేసి, మరిగే నీళ్లు పోసిన తర్వాతే మంచాన్ని లోపలికి తేవాలి. పాత పరుపును కొనకపోవడమే మేలు.

పాత రంగులలో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వాడే రంగులలో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అందువల్ల అంతకు ముందు రంగు వేసిన తలుపులను, ఉయ్యాల బల్లలను పిల్లలున్న ఇంట్లో పొడిగా గీకరాదు. ఆరుబయట, తడిపి గీకించాలి. పాత ఓడల గదుల పలకలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున వాటిని కోయించరాదు. ఓడల దీపాలు, యంత్రాలు మన ఇళ్లలోని 230 వోల్టుల సరఫరాకు సరిపోతాయో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. ఇత్తడి, రాగి గిన్నెలు అలంకారానికైతే అలాగే ఉంచవచ్చు. వంటకు వాడదలిస్తే లోపల తగరంతో కళాయి పూయించక తప్పదు. పులుపు తగిలితే చిలుము పట్టి ఆహారం పాడవుతుంది.

చట్టం సంగతి కూడా మరువరాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, కళాఖండాలు, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. వీటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. పాత విగ్రహాన్ని చవకగా ఇస్తామనే వారి విషయంలో జాగ్రత్త వహించడం అత్యవసరం. అది ఏ గుడి నుంచి పోయిందో తెలియదు.

జాబితాలో లేని వృత్తులు

పాత సామాను వర్తకునికి ప్రభుత్వం పన్నులో ఒక వెసులుబాటు ఇచ్చింది. 2017 నాటి జీఎస్టీ నిబంధనల ప్రకారం, కొన్నప్పుడు పన్ను రాయితీ వాడుకోని వర్తకుడు వస్తువు మొత్తం ధర మీద కాక, కొన్న ధరకూ అమ్మిన ధరకూ గల తేడా మీదనే పన్ను చెల్లిస్తే చాలు. ఒకే బల్ల మీద పదేపదే పన్ను పడకుండా ఇది కాపాడుతున్నది. అయితే ఆ బల్లను బాగుచేసిన చేతికి ఇటువంటి ఆసరా కరవైంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులవారికి శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయలు, రెండు విడతలుగా 3 లక్షల రూపాయల వరకు తక్కువ వడ్డీ రుణం సమకూరుస్తున్నది. వడ్రంగికి, దర్జీకి, బుట్టలు, చాపలు అల్లేవారికి అందులో చోటు లభించింది. కళాయి పూసేవారి పేరు, పాలిషు పట్టేవారి పేరు, కుర్చీలు అల్లేవారి పేరు ఆ జాబితాలో విడిగా కనిపించవు.

కొలిమి బుజాన వేసుకుని వీధివీధినా ‘కళాయి పూస్తాం’ అని కేక వేసే మనిషి మన పట్టణాలలో అపురూపమయ్యాడు. లక్క పెచ్చులను స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పొర మీద పొర రుద్దే పాలిషు పనివాడి స్థానంలో గంటలో పని ముగించే యంత్రపు పిచికారీ వచ్చింది. వృత్తుల జాబితాను సవరించి వీరిని చేర్చడం ప్రభుత్వానికి పెద్ద భారం కాబోదు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో వడ్రంగం నేర్చే యువకులకు మరమ్మతు పనిని, పేము అల్లికను పాఠ్యాంశంగా చేర్చడం కూడా సాధ్యమే.

కుటుంబాలు చేయవలసింది అంతకంటె సులువు. సంతలో కుర్చీ ధర బేరమాడే ముందు దాని అల్లికకు, పాలిషుకు అయ్యే కూలిని కూడా లెక్కలో చేర్చుకోవాలి. వర్తకుని వద్ద తగ్గించుకున్న సొమ్మును పనివాని దగ్గర మళ్లీ తగ్గించబోవడం తగదు. అతడు రేపు ఈ వృత్తి మానుకుని భవన నిర్మాణ కూలిగానో, కాపలాదారుగానో మారితే ఎంత మోజుపడి తెచ్చుకున్న కుర్చీ అయినా మొదటిసారి అల్లిక తెగిన నాడే తుక్కు దుకాణానికి చేరుతుంది.